రాతినార: సరకెప్పుడు, వ్యర్థమెప్పుడు?

కడప జిల్లాలో పులివెందుల దగ్గరి బ్రాహ్మణపల్లె మొదలుకొని లింగాల మండలములోని చిన్నకుడాల, లోపటనూతల, ఇప్పట్ల గ్రామముల వరకు భూమిలో ఒక వింత రాయి కలదు. లేత ఆకుపచ్చని రాతి నడుమ పట్టువలె మెరయు సన్నని చారలుండును. ఆ చారను గోటితో గీకినచో రాయి పొడికాదు. దూదిపింజవలె పోగులు పోగులుగా విడివడును. ఈ పోగు నిప్పులో కాలదు; వేడిని తనగుండా సులభముగా పోనీయదు; నూలువలె వడకుటకును, నేయుటకును లొంగును. దీనినే తెలుగున రాతినార యనియు, వర్తకములో ఆస్బెస్టాస్ అనియు పిలుతురు.

ఈ నారను గని నుండి తీసి బస్తాలకెత్తినపుడు అది సరకు. సిమెంటుతో కలిపి రేకుగా పోసి ఇంటిపై వేసినపుడు అది కప్పు. అదే నార పాత ఓడ గోడలలో నుండి రాలిపడినపుడు అది ప్రమాదకర వ్యర్థము; ప్రభుత్వముల అనుమతి లేక దేశపు ఎల్ల దాటరాదు. ఈ మూడు అవస్థలలోను పదార్థము మారలేదు. పేరు మాత్రమే మారినది. ప్రమాదకర వ్యర్థములను అదుపుచేయుటకు ప్రపంచ దేశములు చేసిన ప్రయత్నముల చరిత్రలో ఈ పేరు మార్పిడియే ముఖ్యమైన చిక్కు. లింగాల నారను పట్టుకొని ఆ చరిత్రను పరిశీలింపవచ్చును.

నార పుట్టిన విధము

ఈ ప్రాంతమున వేంపల్లె శిలలనబడు అతి ప్రాచీనమైన సున్నపురాతి పొరలు కలవు. ఇందు కాల్షియముతోపాటు మెగ్నీషియము గల డోలమైటు విశేషముగా నున్నది. పూర్వము భూగర్భము నుండి ద్రవశిల ఈ పొరల సందులలోనికి చొచ్చుకొనివచ్చి, చల్లారి, డోలరైటు అను నల్లరాయి అయినది. ఆ వేడికి, సిలికాతో కూడిన వేడినీటి ప్రభావమునకు లోనై, అంచున ఉన్న డోలమైటు కొంతవరకు మార్పుచెందెను. అందలి మెగ్నీషియము, సిలికా, నీరు కలియగా సర్పెంటైను అను ఖనిజ మేర్పడెను. సర్పెంటైను పగుళ్లలో పోగులుగా పెరిగిన రూపమే క్రిసోటైలు అను తెల్ల రాతినార. డోలమైటు నుండి పుట్టిన నారలో ఇనుము తక్కువగా నుండును గనుక విద్యుత్ పరికరములకు అట్టిది మేలైనదిగా ఎంచబడెడిది.

కడప, కర్నూలు శిలలను గూర్చి విలియం కింగ్ వ్రాసిన బృహద్గ్రంథము 1872లో వెలువడెను. దత్తమండలములలోని రాతినారను ప్రత్యేకముగా పరిశోధించి ఎ. ఎల్. కూల్సన్ 1934లో భారత భూవిజ్ఞాన సర్వే పక్షమున గ్రంథము ప్రకటించెను. దేశమున క్రిసోటైలు రకపు నారకు ఈ పులివెందుల ప్రాంతమే పేరుపొందినది.

ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. నార రాతిలో సన్నని చారలుగా మాత్రమే యుండును. కొద్దిపాటి నారకై ఎంతో రాతిని పగులగొట్టి పైకి తీయవలెను. నారను ఏరుకొనిన పిమ్మట మిగిలిన రాయి, రప్ప, పొడి గని నోటి దగ్గర దిబ్బగా పేరుకొనును. ఏరుటకు వీలుకాని పొట్టి పోగులు ఆ దిబ్బలోనే ఉండిపోవును.

ఊపిరితిత్తులలో నార

రాతినార గుణములే దాని దోషములు కూడ. కాలని పోగు శరీరములో కూడ త్వరగా నశింపదు. కంటికి కనబడనంత సన్నని పోగులు గాలిలో చాలసేపు తేలుచుండును. శ్వాసతో లోనికి పోయి ఊపిరితిత్తుల లోతులలో నాటుకొనును. వానిని తొలగింపజూచిన కణములు తామే దెబ్బతినును. క్రమముగా ఊపిరితిత్తులు గట్టిపడి మనిషి ఆయాసపడును. ఈ వ్యాధికి ఆస్బెస్టోసిస్ అని పేరు.

1924లో ఇంగ్లాండులో రాతినార నేత మిల్లునందు పనిచేసిన యొక స్త్రీ మరణమును గూర్చి డాక్టరు కుక్ వైద్యపత్రికలో వ్రాసెను. 1930లో మెరివెదర్, ప్రైస్ అనువారు కార్మికులను పరీక్షించి నివేదిక సమర్పించిరి. ఆ మరుసటి సంవత్సరము బ్రిటిషు ప్రభుత్వము కర్మాగారములలో ధూళిని అదుపుచేయు నిబంధనలు చేసెను. 1955లో రిచర్డ్ డాల్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఈ నారకు గల సంబంధమును గణాంకములతో చూపెను. 1960లో వాగ్నర్, అతని సహచరులు దక్షిణాఫ్రికా గని ప్రాంతములలో ఊపిరితిత్తుల పైపొరకు వచ్చు మీసోథీలియోమా అను అరుదైన క్యాన్సరును గుర్తించిరి. రోగులలో గనిలో పనిచేసినవారే గాక ఆ చుట్టుపట్ల నివసించినవారును ఉండిరి. కనుక ప్రమాదము గనిలోనే ఆగిపోవునది కాదని తేలినది.

నార లోనికి పోయిన నాటికి, వ్యాధి బయటపడు నాటికి నడుమ ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు నలువది సంవత్సరములు గడచును. అప్పటికి గని మూతపడియుండవచ్చును, యజమాని మారియుండవచ్చును, హాజరుపట్టీ చెదలు తినియుండవచ్చును. కావుననే భారత సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పులో రాతినార పరిశ్రమల యజమానులు ప్రతి కార్మికుని ఆరోగ్య వివరములను 40 సంవత్సరములు భద్రపరుపవలెనని ఆదేశించెను. కార్మికుని ఆరోగ్యము జీవించు హక్కులో భాగమని ఆ తీర్పు చాటినది.

వ్యర్థములు ఓడలెక్కిన కాలము

రాతినార ఒక్కటియే కాదు; పాదరసము, సీసము, పురుగుమందుల మడ్డి, రసాయన కర్మాగారముల బూడిద మొదలగునవి ఇరువదవ శతాబ్ది నడుమ నుండి విపరీతముగా పెరిగినవి. 1970ల నుండి అమెరికా, ఐరోపా దేశములలో వీనిని పారవేయుటపై చట్టములు కఠినమాయెను. చట్టము కఠినమైనకొలది ఖర్చు పెరిగెను. ఖర్చు పెరిగినకొలది, చట్టములేని చోటు ఎక్కడనా యని వెదకుట మొదలాయెను.

ఇటలీలోని సెవెసోలో 1976 జులైలో జరిగిన రసాయన ప్రమాదము వలన విషపూరితమైన పదార్థమును 41 పీపాలకెత్తిరి. 1982లో ఆ పీపాలు దేశపు ఎల్ల దాటి కానరాకపోయెను. ఎనిమిది నెలలు వెదకగా 1983లో ఉత్తర ఫ్రాన్సులోని ఒక చిన్న గ్రామమున, మూతపడిన కబేళాలో దొరికినవి.

1986లో ఖియాన్ సీ అను ఓడ అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు చెత్త కాల్చిన బూడిదను పదునాలుగు వేల టన్నులకు పైగా ఎత్తుకొని బయలుదేరెను. ఏ దేశమును దించుకొననొల్లలేదు. 1988 ఆరంభమున హైతీ దేశపు తీరమున సుమారు 4,000 టన్నులు ఎరువు అను పేరుతో దింపి అది వెడలిపోయెను. తరువాత ఆ ఓడ తన పేరును కూడ మార్చుకొని సముద్రములు తిరిగెను. తుదకు ఖాళీగా కనబడెను. మిగిలిన బూడిద సముద్రము పాలైనది. హైతీలో దించిన బూడిద 2000లో గాని తిరిగి అమెరికాకు చేరలేదు.

అదే 1988లో నైజీరియాలోని కోకో రేవు దగ్గర ఇటలీ నుండి వచ్చిన విషవ్యర్థముల పీపాలు వేలకొలది బయటపడెను. ఒక గ్రామస్థుని పెరటిని నెలకు సుమారు 100 డాలర్ల అద్దెకు తీసికొని అందులో నిలువచేసిరి. పీపాలలో నేమున్నదో ఆ గ్రామస్థునకు తెలియదు. ఈ మూడు ఉదంతములలోను లోపము ఒక్కటియే: పంపువానికి తెలిసిన సంగతి పుచ్చుకొనువానికి తెలియలేదు.

బేసల్ ఒడంబడిక

ఈ అనుభవముల మీదట ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆధ్వర్యమున 1989 మార్చి 22న స్విట్జర్లాండులోని బేసల్ నగరమున ఒక ఒడంబడిక కుదిరినది. 1992 మే 5న అది అమలులోనికి వచ్చెను. భారతదేశము అదే సంవత్సరము జూన్ నెలలో దీనిని ధ్రువీకరించినది.

దీని ఏర్పాటు సులభముగానే బోధపడును. వ్యర్థమును పంపదలచిన దేశము, అది యేమిటి, ఎంత, ఎవరు పంపుచున్నారు, ఎవరు పుచ్చుకొందురు, అక్కడ దానిని ఏమి చేయుదురు అను వివరములను ముందుగా వ్రాతమూలముగా తెలుపవలెను. పుచ్చుకొను దేశమును, త్రోవలోని దేశములును వ్రాతమూలముగా ఒప్పుకొనిన పిమ్మటనే సరకు కదలవలెను. దొంగచాటుగా పంపినచో పంపిన దేశమే దానిని తిరిగి తెచ్చుకొనవలెను. వీటన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి దేశమును వ్యర్థములను పుట్టించుటయే తగ్గించుకొనవలెను; పుట్టినదానిని వీలైనంతవరకు పుట్టినచోటికి సమీపముననే సురక్షితముగా అణచవలెను. సంపన్న దేశముల నుండి ఇతర దేశములకు ఇట్టి వ్యర్థములను పంపుటను పూర్తిగా నిషేధించు సవరణ 1995లో ఆమోదింపబడి, 2019 డిసెంబరు 5న అమలులోనికి వచ్చినది.

ఒడంబడికలోని పట్టికలో రాతినార ధూళికి, పోగులకు వై-36 అను సంఖ్య ఈయబడినది. అయితే పట్టికలో పేరున్నంత మాత్రమున చాలదు. అది ముందు వ్యర్థము కావలెను. పారవేసినది, పారవేయ నుద్దేశించినది, చట్టముచే పారవేయవలసినది - ఈ మూడింటిలో ఏదైన నొకటి అయినపుడే వ్యర్థమని ఒడంబడిక నిర్వచించినది. అనగా ఒక వస్తువు సరకా, వ్యర్థమా అను ప్రశ్నకు జవాబు దాని రసాయన గుణములో లేదు. కలవాని ఉద్దేశములో నున్నది. ఉద్దేశమును తూచు త్రాసు ఏ ప్రయోగశాలలోను లేదు.

ఒడంబడికకు వెలుపల నుంచిన వస్తువులును కలవు. అణుధార్మిక వ్యర్థములకు వేరు ఏర్పాట్లున్నవి. మన దేశములోను ఇదే పద్ధతి. వానికి అణుశక్తికి సంబంధించిన చట్టము వర్తించును. లింగాలకు దూరము కాని వేముల మండలమున తుమ్మలపల్లెలో యురేనియము శుద్ధిచేయగా మిగులు పదార్థమును అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షించును. ఒకే తాలూకా నేల నుండి వచ్చిన రెండు రకముల శేషములకు రెండు వేరువేరు చట్టములన్న మాట.

మన దేశపు నియమములు

1984 డిసెంబరులో భోపాలున జరిగిన ఘోరమైన విషవాయు ప్రమాదము తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. ఆ చట్టము క్రింద 1989 జులై 28న ప్రమాదకర వ్యర్థముల నియమములు ప్రకటింపబడెను. ఇతర దేశముల వ్యర్థములను పారవేయుటకై ఇక్కడకు తెచ్చుటను ఆనాడే నిషేధించిరి. 2008లో, మరల 2016 ఏప్రిల్ 4న నూతన నియమములు వాని స్థానమున వచ్చినవి. 2016 నియమములలో రాతినార పరిశ్రమ నుండి వచ్చు శేషములు, పారవేసిన నార, పీల్చి పట్టిన ధూళి ప్రమాదకర వ్యర్థములుగా పేర్కొనబడినవి. విదేశముల నుండి రాతినార వ్యర్థమును దిగుమతి చేసికొనుట పూర్తిగా నిషిద్ధము.

కాని నియమము వచ్చినంతనే పేరు మార్పిడి ఆగిపోలేదు. ముంబయి దగ్గరి నవశేవా రేవునకు చమురుతో నిండిన కంటెయినర్లు వచ్చెను. కాగితములపై అది కందెన నూనె. పరీక్షింపగా విషపదార్థములతో కూడిన వాడివేసిన నూనె యని తేలినది. అట్టి 133 కంటెయినర్లలోని నూనెను కాల్చి నాశనము చేయవలెనని సుప్రీంకోర్టు 2005 జనవరిలో ఆదేశించెను. ప్రయోగశాలలో జరిగిన పరీక్ష కాగితముపై నున్న పేరును ఓడించిన సందర్భమిది.

క్లెమెన్సో ఓడ

రాతినార విషయమున ఇంతకంటె ప్రసిద్ధమైన వివాదము మరుసటి సంవత్సరమే వచ్చినది. క్లెమెన్సో అనునది 1961లో సేవలో ప్రవేశించిన ఫ్రెంచి విమానవాహక యుద్ధనౌక. ఆ కాలపు ఓడలలో మంటల భయమున గొట్టములకు, గోడలకు రాతినార పొదుగుట ఆచారము. ఫ్రాన్సు 1997 నుండి తన దేశమున రాతినార వాడకమును నిషేధించెను. పాతబడిన ఈ ఓడను విడగొట్టుటకై గుజరాత్ తీరమందలి అలంగునకు పంప నిశ్చయించి, 2005 డిసెంబరు 31న తూలోను రేవు నుండి లాగించుకొని పోసాగిరి.

ఓడలో ఇంకను ఎంత నార కలదను విషయమున అంచనాలు పొసగలేదు. ఒకరు పదుల టన్నులనిరి. మరియొకరు వందల టన్నులనిరి. ఇది యుద్ధనౌక గాని వ్యర్థము కాదని ఫ్రెంచి ప్రభుత్వము వాదించినది. త్రోవలోని ఈజిప్టు సూయజు కాలువ దగ్గర కొన్ని దినములు ఆపి కాగితములు విచారించినది. మన సుప్రీంకోర్టు, తాను నిర్ణయించువరకు ఓడ భారత జలములలోనికి రాగూడదని 2006 జనవరిలో ఆజ్ఞాపించెను. 2006 ఫిబ్రవరి 15న ఫ్రాన్సు ఉన్నత పరిపాలన న్యాయస్థానము బదిలీని నిలిపివేయగా, అధ్యక్షుడు షిరాక్ ఓడను వెనుకకు మరల్చెను. తుదకు ఇంగ్లాండులోని హార్టిల్‌పూలున దానిని విడగొట్టిరి.

ఓడ ఓడగా నుండుచునే వ్యర్థము కూడ కావచ్చునని బేసల్ ఒడంబడిక దేశములు 2004లోనే అంగీకరించియుండెను. ఓడలలోని ప్రమాదకర పదార్థముల జాబితాను ఓడతోపాటే ఉంచవలెనను హాంగ్‌కాంగ్ ఒడంబడిక 2009లో కుదిరి, 2025 జూన్ 26న అమలులోనికి వచ్చినది. భారతదేశము అందులో 2019లో చేరినది. ఉద్దేశమును తూచలేకపోయినను, ఉన్నదానిని ముందే లెక్కవ్రాసి యుంచవచ్చునను మెలకువ ఇందుండి కలిగినది.

ఎల్ల లోపలి ఎల్లలు

దేశముల నడుమ ఎల్లలేగాక రాష్ట్రముల నడుమ ఎల్లలును కలవు. ప్రమాదకర వ్యర్థము ఒక రాష్ట్రము నుండి మరియొక రాష్ట్రమునకు పాతిపెట్టుటకో, కాల్చుటకో పోవలెనన్న, రెండు రాష్ట్రముల కాలుష్య నియంత్రణ మండలుల నిరభ్యంతర పత్రము కావలెను. లారీ వెంట ఏడు రంగుల ఏడు ప్రతులు గల రవాణా పత్రముండవలెను. పంపువాడు, మోయువాడు, పుచ్చుకొనువాడు అందరును సంతకము చేయవలెను. హైదరాబాదు దగ్గరి దుండిగల్లున, విశాఖపట్టణము దగ్గరి పరవాడలోను ఇట్టి వ్యర్థములను పాతిపెట్టు ప్రత్యేక స్థలములు కలవు. కడప జిల్లా నుండి దుండిగల్లునకు పోవు లారీ 2014కు పూర్వము రాష్ట్రము దాటియుండదు. ఆ తరువాత అదే దారి రెండు రాష్ట్రముల దారి యైనది. కదలని నేలపై ఎల్ల కదలినను చట్టము మారిపోవును.

ఇక లింగాల ప్రాంతపు సంగతికి వచ్చినచో, రాతినార గనులకు కొత్త కౌలు ఈయరాదని భారత ప్రభుత్వము 1986లో నిర్ణయించెను. అయినను రేకుల పరిశ్రమ ఆగలేదు; రష్యా మొదలగు దేశముల నుండి ఏటా లక్షల టన్నుల నార దిగుమతి యగుచు వచ్చినది. రాతినార వ్యర్థము రేవులో దిగరాదు. రాతినార సరకు మాత్రము దిగవచ్చును. నేటి సరకు యాబది ఏండ్లకు రేకు పగిలిన దినమున వ్యర్థమగును. అప్పటికి దానిని వెనుకకు పంపు దేశమేదియు నుండదు.

పాత గనుల దిబ్బల చిక్కు ఇంకొక విధమైనది. గని మూయునపుడు నేలను, దిబ్బలను ఎట్లు సరిచేయవలెనో ముందే ప్రణాళిక సమర్పింపవలెనను నియమము 2003లో వచ్చినది. అంతకు ముందే విడిచిపెట్టిన గనులకు అట్టి ప్రణాళిక లేదు. జార్ఖండులోని చాయిబాసా దగ్గర రోరో కొండలలో 1983లో రాతినార గని మూతపడగా, లక్షల టన్నుల వ్యర్థము కొండవాలుపై మిగిలి, వానకు పొలములలోనికి జారుచుండినది. క్లెమెన్సోకు జెండా ఉండెను, యజమాని యుండెను, కాగితములుండెను. కనుక న్యాయస్థానము దానిని వెనుకకు పంపగలిగినది. విడిచిన గనిదిబ్బకు జెండా లేదు. అది ఏ ఎల్లయు దాటదు. గాలికి లేచిన పోగు మాత్రము పొలపు గట్టును, ఊరి పొలిమేరను అడుగకయే దాటును.

కావున ఈ చరిత్ర నేర్పు పాఠము స్పష్టము. వ్యర్థమును ఎల్ల దగ్గర పట్టుకొనుట తుది ఉపాయము మాత్రమే. అది పుట్టిన దినముననే, దాని గుణమును బట్టి పేరు పెట్టి, ఎంత యున్నదో, ఎక్కడ నున్నదో, బాధ్యులెవరో వ్రాసియుంచుట మొదటి ఉపాయము. దిబ్బలను మట్టితో కప్పి చెట్లు పెంచుట, వాని రాతిని బాటలకు, ఇండ్లకు వాడకుండుట, పగిలిన రేకులను కోయక, పొడిచేయక, తడిపి విడిగా కట్టియుంచుట - ఇవి యన్నియు ఆ లెక్క ఉన్నపుడే సాధ్యమగును.

ఈ లెక్క పాఠశాలలోనే ప్రారంభింపవచ్చును. రసాయనశాలలో బీకరు క్రింద నుంచు తీగవల నడుమ తెల్లని గుండ్రని పూత ఉండును. నేటి వలలకు పింగాణివంటి పూత పూయుదురు. పాత వలలలో అది రాతినారయే. బీరువా అడుగున అట్టివి మిగిలియున్నచో, వానిని గీకి పరీక్షింపరాదు, చెత్తబుట్టలో వేయరాదు. తడిపి, మందమైన సంచిలో మూతికట్టి, పైన రాతినార అని పేరు వ్రాసి, సామాను పట్టికలో నమోదు చేయవలెను. ఆ సంచిపై వ్రాసిన పేరే దానిని తరువాత పుచ్చుకొనువానికి చేరవలసిన మొదటి వార్త.